బల్లిగారు భోంచేయడం లేదు!

గాజుపెట్టెలో గడ్డపు బల్లి. ముందు గిన్నెడు ఆకులు, గెంతుతున్న కీచురాళ్లు. అయినా అది నోరు తెరవదు. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు... వారం! అలక అనుకోవాలా, అనారోగ్యమా, లేక ఉత్త బద్ధకమా?

పిల్లాడు అన్నం తినకపోతే తెలుగింట్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. ముందు బుజ్జగింపు. తర్వాత చందమామ. ఆ తర్వాత కూర మారుతుంది, పప్పులో నెయ్యి పెరుగుతుంది. అప్పటికీ లాభం లేకపోతే గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసేస్తారు.

మరి ఆ తిననిది బల్లి అయితే?

నవ్వకండి. అమెరికాలో బల్లిని పెంచుకోవడం, కుక్కనీ పిల్లినీ పెంచుకున్నంత కాకపోయినా, మామూలు విషయమే. అక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలకూ ఆ సరదా అంటుకుంటోంది. కుక్కయితే బొచ్చు రాలుతుంది, మొరుగుతుంది, పొద్దున్నే బయటకు తిప్పాలి. బల్లయితే పెట్టెలో పడుంటుందిలే అని అమ్మానాన్నలూ ఒప్పేసుకుంటారు. ఆర్నెల్లు ఉండి వద్దామని వెళ్లిన అమ్మమ్మకే మొదట గుండె జారుతుంది. పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు చూసుకునే మనిషాయె! అలాంటిది మనవడి భుజమ్మీద అడుగున్నర బల్లి కూర్చుని ఉంటే? నెల తిరిగేసరికి ఆవిడే 'ఇవాళేమైనా తిన్నదిట్రా?' అని అడగడం మొదలుపెడుతుంది.

ఆ ప్రశ్నకు 'లేదు' అని జవాబు వచ్చిన రోజు నుంచీ ఇంటిల్లిపాదికీ కంగారే. దుకాణానికి పరిగెత్తి రకరకాల పురుగులు తెస్తారు, పండ్ల ముక్కలు కోస్తారు, చేత్తో నోటికందిస్తారు. ఆ శ్రమలో చాలా భాగం వృథా. ఎందుకంటే బల్లి తిండి మానేస్తే మొదట చూడాల్సింది గిన్నెలోకి కాదు, దాని నెత్తిమీది దీపం వైపు.

తొండగారి చుట్టం

ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఈ పెంపుడు బల్లి పేరు బియర్డెడ్ డ్రాగన్. మన మాటల్లో గడ్డపు బల్లి. కోపమొచ్చినా భయమేసినా గొంతు కింది ముళ్లచర్మాన్ని ఉబ్బించి నల్లగా మార్చుకుంటుంది. అచ్చం నల్లగడ్డం పెంచినట్టే ఉంటుంది. పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న పొడినేలలు. వరసకు మన పెరటి తొండకు చుట్టం, రెండూ ఒకే కుటుంబానివి. ఊసరవెల్లులు కూడా శాస్త్రం ప్రకారం వీటికి దగ్గరి బంధువులే. 'తొండ ముదిరి ఊసరవెల్లి' అన్న మనవాళ్లు మరీ గాలిలో రాయి వేయలేదన్నమాట.

ముక్కు నుంచి తోక చివరిదాకా కొలిస్తే ఒకటిన్నర, రెండడుగుల మధ్య ఉంటుంది. బాగా చూసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల్ని వ్యాపారం కోసం బయటి దేశాలకు పంపనివ్వదు. కాబట్టి అమెరికా దుకాణాల్లో దొరికేవన్నీ పెంపకంలోనే తరతరాలుగా పుట్టినవి. అందుకే మనిషికి ఇంత మచ్చిక. కానీ ఎన్ని తరాలు పెట్టెలో పుట్టినా దాని ఒంటికి మాత్రం ఆ ఎడారి ఎండే కావాలి. చిక్కంతా అక్కడే వస్తుంది.

పొయ్యి వెలగనిదే ఆకలి లేదు

మనం తిన్న అన్నం అరగడానికి కావలసిన వేడిని మన ఒళ్లే పుట్టిస్తుంది. బల్లికి ఆ సౌకర్యం లేదు. దాని కడుపులోని పొయ్యికి నిప్పు బయటినుంచి రావాలి. ఎండ కాగితేనే ఒళ్లు వేడెక్కుతుంది, పేగులు కదులుతాయి, జీర్ణరసాలు పనిచేస్తాయి. వేడి చాలకపోతే తిన్నది లోపలే కుళ్లిపోతుంది. ఆ సంగతి దాని ఒంటికి తెలుసు. అందుకే చల్లగా ఉన్న బల్లి తినదు. దాన్ని మొండితనం అనుకుంటాం మనం!

గడ్డపు బల్లి పెట్టెలో రెండు వాతావరణాలుండాలి. ఒక మూల దీపం కింద రాయో దుంగో ఉండాలి. దాని ఉపరితలం వంద నుంచి నూటపది డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. రెండో మూల చల్లగా, 75 నుంచి 85 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. వేడి కావలసినప్పుడు ఇటు, చాలనుకున్నప్పుడు అటు నడుస్తుంది. ఆ నడకే దాని థర్మోస్టాట్.

'మా పెట్టెలో థర్మామీటరు ఉందండీ, తొంభై చూపిస్తోంది' అంటారు చాలామంది. ఎక్కడుంది? గాజుకు అతికించి ఉంటుంది, అదీ వెనకవైపు గోడకు. అది చూపించేది అక్కడి గాలి వేడిని. బల్లి పొట్ట ఆనించే రాయి ఎంత వేడిగా ఉందో దానికేం తెలుసు? తుపాకీలా గురిపెట్టి నొక్కితే ఉపరితలం వేడి చెప్పే పరికరాలు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. తీగ చివర మొన ఉండే డిజిటల్ థర్మామీటరయినా సరే. ఆ ఒక్క కొలతతో సగం కేసులు అక్కడికక్కడే తేలిపోతాయనడం పెద్ద అతిశయోక్తేమీ కాదు.

వేసవిలో చక్కగా తిన్న బల్లి నవంబరులో ఎందుకు మానేస్తుంది? దీపం అదే, పెట్టె అదే. మారింది ఇల్లు. కరెంటు బిల్లు చూసి హీటరు తగ్గించారు. గది చల్లబడింది, దానితోపాటే పెట్టె కూడా. లేదంటే చుట్టాలొస్తున్నారని పెట్టెను బేస్‌మెంట్‌కు మార్చారు. బల్బు మాడిపోతే చేతికందిన తక్కువ వాట్ల బల్బు పెట్టారు. వేసవిలో మరో తంటా... ఏసీ గాలి సరిగ్గా పెట్టె మీదకే కొడుతుంటుంది. తినడం మానేసిన రోజుకు ముందు వారం ఇంట్లో ఏం మారిందో ఒక కాగితం మీద రాసుకుంటే చాలాసార్లు దొంగ దొరికిపోతాడు.

వేడి కావాలన్నారు కదాని పెట్టెనంతా కొలిమి చేయకూడదు. చల్లటి మూలే లేకపోతే బల్లి నోరు తెరుచుకుని నీరసంగా పడుంటుంది, అప్పుడూ తినదు. కరెంటుతో వేడెక్కే 'హీట్ రాక్'లు కొందరు కొంటారు. అవి అక్కడక్కడా మరీ కాలిపోతాయి. పొట్ట కాలుతున్నా బల్లి వెంటనే పక్కకు జరగదు. ఆ బొబ్బలు చూస్తే గానీ వాటిని ఎందుకు వద్దంటారో అర్థంకాదు.

కనిపించని వెలుగు

వేడి సరిపోయింది. అయినా తినడం లేదు. అప్పుడు చూడాల్సింది రెండో దీపం.

ఎండలో మన కంటికి కనిపించని యూవీబీ కిరణాలుంటాయి. అవి చర్మం మీద పడితేనే గడ్డపు బల్లి ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. డి3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. కాల్షియం లేకపోతే ఎముకలే కాదు, కండరాలూ పనిచేయవు. పేగులూ కండరాలే కదా! అందుకే పెట్టెలో యూవీబీ ట్యూబు తప్పనిసరి.

ఈ ట్యూబు చేసే మోసం ఒకటుంది. కంటికి తెల్లగా వెలుగుతూనే ఉంటుంది, లోపల యూవీబీ మాత్రం నెలనెలా తరిగిపోతుంది. రకాన్ని బట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి. 'వెలుగుతోంది కదా, ఇంకా ఎందుకు మార్చడం' అనుకునేవాళ్ల ఇళ్లలోనే బల్లులు మెత్తబడతాయి. ట్యూబుకూ బల్లికీ మధ్య గాజు అడ్డుంటే దండగ. సన్నజాలీ ఉన్నా కొంత తగ్గిపోతుంది. కిటికీ దగ్గర పెట్టాం, ఎండ పడుతోంది అంటారు ఇంకొందరు. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు ఆపేస్తుంది. లోపలికొచ్చేది వెలుగూ వేడీ మాత్రమే.

ఇది నెలల తరబడి సాగితే వచ్చేది ఎముకలు మెత్తబడే జబ్బు. దవడ రబ్బరులా వంగుతుంది. వేళ్లు వణుకుతాయి. కాళ్లు వంకర తిరుగుతాయి, నడుము గూనిబోతుంది. ఇలాంటి బల్లి ముందు కీచురాయి పడేస్తే చూస్తుంది, ఒకడుగు వేస్తుంది, ఆగిపోతుంది. దానికి ఆకలి లేక కాదు, నమలడానికి దవడ లేదు.

తినదా? తినలేదా?

బల్లుల్ని చూసే డాక్టర్లు మొదట అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. రెంటికీ మధ్య చాలా దూరం ఉంది. ఇంట్లోనే తేల్చుకోవచ్చు కూడా. ఉదయం దీపాలు వేసి, ఒళ్లు వేడెక్కడానికి గంటో రెండు గంటలో వదిలేసి, అప్పుడు ఒక్క పురుగును ముందుంచి దూరంగా కూర్చుని చూడాలి. పురుగు వైపు తలకూడా తిప్పలేదా? చలి, భయం, శీతాకాల నిద్ర, లేదా లోపలి జబ్బు. తల వాల్చి చూసి, నాలుక చాపి, గురితప్పిందా? కళ్లు చూడండి, కాల్షియం సంగతి చూడండి. నోట్లోకి తీసుకుని వదిలేసిందా? నోరు పరీక్షించాలి. చిగుళ్ల దగ్గర ఎర్రటి చుక్కలు, జున్నులాంటి తెల్లటి పొర, తీగలా సాగే జొల్లు కనిపిస్తే నోటిపుండు. అది ఇంటివైద్యంతో పోదు.

దూరంగా కూర్చోమనడానికి కారణం ఉంది. పైనుంచి వచ్చే ప్రతి చెయ్యీ దాని దృష్టిలో గద్దే. గడ్డపు బల్లికి నడినెత్తి మీద మూడో కన్ను లాంటిది ఉంటుంది. బొమ్మలు కనబడవు గానీ వెలుగునీడల తేడా పసిగడుతుంది. పైనుంచి నీడ పడితే చాలు, ఆకలి ఎగిరిపోతుంది. తినిపించాలని పదేపదే మూత తీసి చెయ్యి దూర్చే ఇంట్లో బల్లి ఇంకా బిగుసుకుపోవడం అందుకే. చెయ్యి పక్కనుంచి, కింది ఎత్తులో రావాలి.

జబ్బు కాని జబ్బులు

కొత్తగా తెచ్చిన బల్లి వారం, పదిరోజులు సరిగా తినకపోవచ్చు. కొత్త కోడలు కూడా మొదటి వారం మొహమాటపడుతుంది కదా! పెట్టెకు మూడువైపులా అట్టలు అంటించి, దాక్కోవడానికి చిన్న గుహలాంటిది పెట్టి, పిల్లల్ని పెట్టె చుట్టూ మూగనీయకుండా చూస్తే చాలు. కొన్నిసార్లు గాజులో తన ప్రతిబింబాన్నే చూసి మరో బల్లి అనుకుంటుంది. గోడను గీరుతూ రోజంతా అదే పోరాటం. ఒకే పెట్టెలో రెంటిని పెంచితే బలమున్నది వెచ్చటి రాయిని ఆక్రమించుకుని కూర్చుంటుంది. రెండోది చలికీ భయానికీ కృశించిపోతుంది. పైకి కొట్లాట కనిపించదు, 'ఒకదానిమీద ఒకటి పడుకుంటాయి, ఎంత ప్రేమో!' అని మురిసిపోతాం. అది ప్రేమ కాదు, కింద ఉన్నదానికి వెలుగు దక్కనివ్వకపోవడం.

కుబుసం విడిచే రోజుల్లో ఆకలి తగ్గుతుంది. వయసు పెరిగినా తగ్గుతుంది. పిల్లబల్లి ప్రధానంగా పురుగులే తింటుంది, రోజుకు రెండుమూడుసార్లు. ఏడాది దాటాక ఆ లెక్క తిరగబడి ఆకులే ప్రధానాహారం అవుతాయి, పురుగులు వారానికి కొన్నిసార్లే. నిరుడు రోజుకు నలభై కీచురాళ్లు మింగింది ఇప్పుడు నాలుగే తింటోంది అంటే అది పెద్దదైందని అర్థం కావచ్చు.

ఇక గారాబం. వాక్స్‌వర్మ్ అనే కొవ్వుపురుగులుంటాయి. బల్లులకు అవంటే ప్రాణం. తినడం లేదని జాలిపడి రెండు వారాలు అవే పెడితే ఇక ఆకుల మొహం చూడదు. బిర్యానీ మరిగిన పిల్లాడికి బీరకాయ కూర పెట్టినట్టే. ఒంట్లో ఏ జబ్బూ లేని, బరువున్న పెద్ద బల్లి అయితే ఇక్కడ కొంచెం మొండిగా ఉండాల్సింది మనమే. పొద్దున్నే ఆకులు పెట్టాలి, పురుగులు తర్వాత.

పెట్టే ఆకుల విషయంలో మన వంటింటి అలవాటు కొంచెం ప్రమాదం. పాలకూర, చుక్కకూర, తోటకూర మనకు బలమే. వాటిలోని ఆక్సలేట్లు మాత్రం కాల్షియాన్ని పట్టేసుకుని బల్లి ఒంటికి అందనివ్వవు. ఒకరోజు తింటే కొంపలంటుకోవు గానీ రోజూ అవే పెట్టకూడదు. కొలార్డ్ ఆకులు, ఆవాకు, డాండెలియన్ ఆకులు మంచివి. తురిమిన గుమ్మడి కూడా. ఉల్లీ వెల్లుల్లీ వద్దు. అవకాడో విషం. పెరుగన్నం పెడితే చలవ చేస్తుందని అమ్మమ్మ అనొచ్చు, ప్రేమతోనే అంటుంది. పాలు అరిగించుకునే శక్తి బల్లికి లేదు.

నిద్రా? చావా?

అన్నింటికన్నా కష్టమైన ప్రశ్న ఇది. చలికాలం వచ్చేసరికి చాలా గడ్డపు బల్లులు ఓ మూలకు చేరి పడుకుంటాయి. రోజుల తరబడి, ఒక్కోసారి రెండుమూడు నెలలు. తినవు, కదలవు, లేపితే ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకుంటాయి. దీన్నే బ్రుమేషన్ అంటారు. ఎలుగుబంటి నిద్రలాంటిదే, కాకపోతే మధ్యమధ్యలో లేచి నీళ్లు తాగుతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బల్లికి ఇందులో ప్రమాదం లేదు.

కానీ కడుపునిండా పరాన్నజీవులున్న బల్లి కూడా సరిగ్గా ఇలాగే పడుకుంటుంది. తినదు, కదలదు, కళ్లు మూసుకుంటుంది. 'నిద్రపోతోందిలే' అని వదిలేసిన ఇళ్లలో పిల్లలు ఓ ఉదయం పెట్టెలో చెయ్యిపెట్టి చూసేసరికి ఒళ్లు కట్టెబారి ఉంటుంది. బల్లుల్ని పెంచేవాళ్ల అనుభవంలో ఇంతకన్నా చేదైనది లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ పైకి తేడా కనిపించదు మరి. అడవిలో జబ్బుపడ్డట్టు కనిపించిన జంతువు వేటాడేవాటికి సులువుగా దొరికిపోతుంది. అందుకే చివరిదాకా దాచుకోవడం వీటి నైజం.

తేడా చెప్పేది తూకం ఒక్కటే. గ్రాముల్లో చూపించే చిన్న త్రాసు కొని వారానికోసారి, అదే వేళకు, తూచి రాసిపెట్టుకోవాలి. నిజమైన శీతాకాల నిద్రలో బరువు పెద్దగా తగ్గదు. నాలుగు వందల గ్రాముల బల్లి నలభై గ్రాములు తగ్గిందంటే, అంటే పదోవంతు పోయిందంటే, అది నిద్ర కాదు. తోక మొదట్లో ఎముకలు తేలినా, నెత్తిమీద గుంటలు పడినా, కళ్లు లోతుకుపోయినా అదే మాట. ఏడాది నిండని పిల్ల పడుకుంటే నిద్ర అనుకోనే కూడదు. పెద్దదైనా సరే, పడుకునే ముందే రెట్టపరీక్ష చేయించి పురుగులు లేవని తేల్చుకోవడం మంచిది. పడుకునే ముందు కడుపు ఖాళీ అయ్యేలా చూడాలి. చలిలో తిండి లోపల ఉండిపోతే ఏమవుతుందో ముందే చెప్పుకున్నాం.

ఆ త్రాసు మాత్రం వంటింటిది కాకూడదు. బల్లుల పేగుల్లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండటం సాధారణం. వాటికేం కాదు, మనకొస్తే వాంతులు, విరేచనాలు. అమెరికాలో గడ్డపు బల్లుల నుంచి మనుషులకు సోకిన సందర్భాలు నమోదయ్యాయి కూడా. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో బల్లిని పెంచొద్దని అక్కడి ఆరోగ్య అధికారులే సలహా ఇస్తారు.

కడుపులో ఏముందో!

కొన్నిసార్లు తినకపోవడానికి కారణం లోపల చోటు లేకపోవడమే. అందంగా ఉంటుందని పెట్టె అడుగున ఇసుక పోస్తారు. పురుగుతోపాటు ఇసుకా మింగుతుంది. వేడి చాలక అది కదలదు. పేగులు పూడుకుపోతాయి. మరీ పెద్ద పురుగులు పెట్టినా ఇంతే. బల్లి రెండు కళ్ల మధ్య దూరం కన్నా పురుగు పెద్దది కాకూడదన్నది పెంపకందారులు పాటించే కొలత. రెట్ట ఆగిపోయి, పొట్ట గట్టిపడి, వెనక కాళ్లు ఈడుస్తుంటే ఇక ఆలస్యం చేయకూడదు. తేలికపాటి మలబద్ధకమైతే గోరువెచ్చటి నీళ్లలో, భుజాలదాకా మాత్రమే మునిగేలా, పదిహేను నిమిషాలు ఉంచితే కదులుతుంది. పక్కనే కనిపెట్టుకుని ఉండాలి.

ఆడబల్లి అయితే మరో అనుమానం. మగతోడు లేకపోయినా అది గుడ్లు పెడుతుంది, కోడి పెట్టినట్టే. గుడ్లతో కడుపు నిండినప్పుడు తిండి తగ్గించి, మూలమూలలా తవ్వుతూ తిరుగుతుంది. తడిమట్టి నింపిన తొట్టి పెడితే తవ్వి పెట్టేసుకుంటుంది. తవ్వే చోటు దొరక్క గుడ్లు లోపలే ఆగిపోతే మాత్రం ప్రాణాంతకం. 'మాది మగదండీ' అని దుకాణంవాడు చెప్పిన మాట నమ్మి ఈ కోణమే ఆలోచించనివాళ్లు ఎందరో.

రెట్టలో పురుగులు, కాక్సీడియా అనే సూక్ష్మజీవులు గడ్డపు బల్లుల్లో తరచూ కనిపించేవే. కొద్దిగా ఉంటే ఏమీ కాదు. పెట్టె మురికిగా ఉండి, బల్లి చలికి నీరసించినప్పుడు విజృంభిస్తాయి. రెట్ట నీళ్లగా, విపరీతమైన వాసనతో ఉంటే అనుమానించాలి. మన ఇంటి గోడబల్లి రెట్టకు చివర తెల్లటి సుద్దముక్కలాంటిది ఉంటుంది, చూసే ఉంటారు. అది దాని మూత్రం. పెంపుడు బల్లికీ అంతే. ఆ తెలుపు పసుపుపచ్చగా, గట్టిగా మారితే నీళ్లు చాలడం లేదని అర్థం.

అమెరికా వేసవిలో ఇంకో ముప్పు ఉంది. సాయంత్రాలు పెరట్లో మిణుగురులు మెరుస్తుంటాయి. పిల్లలు సీసాల్లో పట్టి, ఒకటి తెచ్చి బల్లి ముందు వదులుతారు. ఎంత అందమైన భోజనం! కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ఐస్నర్, మరికొందరు శాస్త్రవేత్తలు 1999లో ఒక పరిశోధనపత్రంలో ఈ మరణాల గుట్టు విప్పారు. ఫొటైనస్ జాతి మిణుగురుల ఒంట్లో గుండెను ఆపేసే విషం ఉంటుంది, కప్పల విషంలాంటిది. గడ్డపు బల్లి ప్రాణం తీయడానికి ఒక్క మిణుగురు చాలు. బల్లి నోరు వెళ్లదీసి, నల్లబడి, చూస్తుండగానే పోతుంది. ఈ అమెరికా మిణుగురులు ఆస్ట్రేలియా బల్లికి తరతరాలుగా పరిచయం లేనివి. వదిలేయాలన్న జ్ఞానం దానికెక్కడిది? పెరట్లో పట్టిన ఇతర పురుగులూ వద్దు, వాటి మీద ఏ మందు చల్లారో తెలియదు.

బలవంతపు ముద్ద వద్దు

ఇవన్నీ చదివి సిరంజితో గుజ్జు నోట్లో పోసేద్దామని చూడకండి. చల్లటి బల్లికీ, ఒంట్లో నీరు లేని బల్లికీ బలవంతంగా తినిపిస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. వరస తప్పకూడదు... ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి. వేడి, వెలుగు సరిచేశాక చాలా బల్లులు కొన్ని రోజుల్లో వాటంతటవే గిన్నె వైపు నడుస్తాయి. రాత్రి మిగిలిన కీచురాళ్లను మాత్రం పెట్టెలో వదిలేయొద్దు. పడుకున్న బల్లిని అవే కొరుక్కుతింటాయి!

ఎన్నాళ్లు ఆగొచ్చు? బరువు నిలకడగా ఉన్న పెద్ద బల్లి ఒకటి రెండు వారాలు తినకపోయినా గండం లేదు. మూడునాలుగు నెలల పిల్ల రెండుమూడు రోజులు ముట్టకపోతే డాక్టరు దగ్గరకు బయల్దేరాల్సిందే. నోరు తెరిచి ఎగశ్వాస, ఆగని నల్లగడ్డం, వాలిపోయిన వెనక కాళ్లు, ముక్కుతున్నా బయటకు రాని గుడ్లు కనిపిస్తే వయసుతో పని లేదు, ఆరోజే వెళ్లాలి. కుక్కల్ని చూసే ప్రతి డాక్టరూ బల్లుల్ని చూడరు. అమెరికాలో సరీసృపాల వైద్యులకు ప్రత్యేకంగా సంఘమే ఉంది, వాళ్ల జాబితాలో దగ్గరివాళ్లను జబ్బుపడక ముందే వెతికిపెట్టుకోవాలి. వెళ్లేటప్పుడు తాజా రెట్ట ఒక కవరులో, పెట్టె ఫొటోలు, వేడి కొలతలు, ట్యూబు కొన్న తేదీ, బరువుల చిట్టా తీసుకెళితే డాక్టరు సగం పని తప్పుతుంది.

ఫలితం ప్రతిసారీ మంచిగానే ఉంటుందని చెప్పలేం. ఈ జాతిలో ఒక అడెనోవైరస్ ఉంది. దానికి మందు లేదు. పిల్లబల్లులకు సోకితే ఎంత వేడి పెట్టినా ఎదగవు. డాక్టరు చేయగలిగేది నీరూ తిండీ అందిస్తూ నిలబెట్టడానికి ప్రయత్నించడమే. ఆ మాట ఎనిమిదేళ్ల పిల్లకు చెప్పడం మందులివ్వడం కన్నా కష్టం.

మన దగ్గరయితే...

ఇక్కడ హైదరాబాద్‌లాంటి నగరాల్లోనూ విదేశీ బల్లుల్ని పెంచేవాళ్లున్నారు, ముఖ్యంగా పచ్చ ఇగ్వానాలు. దీని లెక్క వేరు. ఇగ్వానా పూర్తిగా శాకాహారి. తినడం లేదని గుడ్డో మాంసమో పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. చిన్నప్పుడు అరచేతిలో ఇమిడేది పెద్దయ్యాక తోకతో కలిపి ఐదడుగులు దాటుతుంది. జతకట్టే కాలంలో మగది తిండి తగ్గించి చిర్రుబుర్రులాడటం సహజం. మన ఎండలు దానికి వరమే, జాలీబోనులో సగం నీడ ఉండేలా ఉదయం ఎండలో ఉంచొచ్చు. గాజుపెట్టెను మాత్రం ఎప్పుడూ ఎండలో పెట్టకూడదు. కొద్ది నిమిషాల్లోనే పొయ్యి మీది గిన్నె అయిపోతుంది. ఏసీ గదిలో పెట్టి 'తినడం లేదు' అని బాధపడటంలో అర్థం లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో వేడి ఏర్పాటు ఇక్కడా కావాలి, కరెంటు పోతే ఏం చేయాలో కూడా ముందే ఆలోచించుకోవాలి.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాల్లో ఉన్న విదేశీ జంతువులు దాంతో మన చట్టం పరిధిలోకి వచ్చాయి. పచ్చ ఇగ్వానా వాటిలో ఒకటి. ఇలాంటివి ఇంట్లో ఉంటే వివరాలు చెప్పి నమోదు చేయించుకోవాలని 2024 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు తెచ్చింది, దరఖాస్తు పరివేష్ పోర్టల్‌లో. ఏ జాతికి నమోదు అవసరమో అటవీశాఖవారిని కొనకముందే అడగడం మేలు. పొలంలో దొరికిన ఉడుంపిల్లను తెచ్చి పెంచుదామన్న ఆలోచన మాత్రం అసలే వద్దు. అది చట్టం మొదటి షెడ్యూలులోని జంతువు, దొరికితే మూడేళ్లకు తగ్గని జైలు.

ఇన్ని తెలిశాక కూడా కొనాలనే ఉందా? అయితే దుకాణంలో బేరం మొదలెట్టకముందే ఒక పని చేయండి. ఆ బల్లిని మీ కళ్లముందు ఒక్కసారి తినిపించమనండి. 'అయ్యో, ఇప్పుడే తిన్నదండీ' అంటాడు. సరేనని ఇంటికొచ్చి, మర్నాడు ఇంకాస్త ముందుగా వెళ్లండి.